ఇరుకు గ్యారేజీని పనిచేసుకునే వర్క్‌షాప్‌గా మార్చడం: ఏది ముందు, ఏది తరువాత

ఇంటి గ్యారేజీలో పని చేసుకునే చోటు ఏర్పరచుకోవాలనుకునేవారు తరచుగా అడిగే మొదటి ప్రశ్న, ఎలాంటి అరలు బిగించాలి అన్నది. అది నిజానికి ఎనిమిదో మెట్టులో అడగవలసిన ప్రశ్న. సామాను చక్కగా సర్దిన గది ఒకటి, ఎనిమిది అడుగుల చెక్కను అటూ ఇటూ తిప్పి కోయగలిగిన గది మరొకటి. చిన్న గ్యారేజీలో మనకు కావలసింది రెండోది. అందువల్ల ప్రతి నిర్ణయమూ ఖాళీ నేలను మిగిల్చేదిగా ఉండాలి.

ఇక్కడ ఇచ్చిన కొలతలు ఒక కారు పట్టే గదిని, అంటే సుమారు 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు ఉన్న గ్యారేజీని దృష్టిలో పెట్టుకొని ఇచ్చినవి. మీ గది ఇంకా చిన్నదైతే కొలతలు తగ్గించుకోవచ్చు గానీ, మెట్ల వరుసను మాత్రం తారుమారు చేయకండి.

1. ఏ పని చేస్తారో రాసుకోండి

రాబోయే ఆరు నెలల్లో మీరు నిజంగా చేయబోయే ఐదు పనులను కాగితం మీద రాయండి. "వడ్రంగం" అని రాస్తే సరిపోదు. "పుస్తకాల అర", "సైకిలు విప్పి బాగుచేయడం", "ఇనుప గేటుకు తుప్పు వదిలించి రంగు వేయడం" అన్నట్లు విడివిడిగా రాయాలి.

ప్రతి పనికీ ఎదురుగా మూడు విషయాలు చేర్చండి: లోపలికి రావలసిన అతి పెద్ద వస్తువు ఎంతది, ఏ పరికరాలు కావాలి, పని జరిగేటప్పుడు ఏం రాలుతుంది. ఈ మూడో అంశాన్ని చాలామంది పట్టించుకోరు. రంపపు పొట్టు రాలే చోట గ్రైండర్ నిప్పురవ్వలు రాలకూడదు. వార్నిష్ ఆరుతున్న చోట ఏ దుమ్మూ లేవకూడదు. ఇలా ఒకదానికొకటి పడని పనులను ఒకే మూలలో పెట్టే పొరపాటు కాగితం మీదే బయటపడాలి.

కారు లోపల ఉంటుందా లేదా అన్నదీ ఇప్పుడే తేల్చుకోవాలి. చిన్న కారు వెడల్పు సుమారు 1.7 మీటర్లు, గది వెడల్పు 3 మీటర్ల పైచిలుకు. దిగేవారి తలుపు తెరుచుకోవడానికి 70 సెంటీమీటర్లు వదిలితే, రెండో వైపు మిగిలేది 60 సెంటీమీటర్లు మాత్రమే. కారు రాత్రిళ్ళు లోపలికి వచ్చేదైతే, ఆ 60 సెంటీమీటర్లలో గోడకు మడిచిపెట్టే బల్ల, చక్రాల మీద కదిలే యంత్రాలు తప్ప మరో దారి లేదు. "రెండూ ఎలాగో సర్దుదాం" అని వాయిదా వేస్తే మిగతా మెట్లన్నీ రెండుసార్లు చేయవలసి వస్తుంది.

2. గదిని పూర్తిగా ఖాళీ చేయండి

సామాను లోపలే ఉంచి ఒక మూల నుంచి సర్దుకుంటూ రావడం వల్ల ప్రయోజనం ఉండదు. అక్కడి వస్తువు ఇక్కడికి, ఇక్కడిది అక్కడికి మారుతుందే తప్ప ఒక్కటీ తగ్గదు. వాన పడని రెండు రోజులు చూసుకొని, బయట టార్పాలిన్ పరచి, గోడకు వేలాడేవాటితో సహా సమస్తమూ బయట పెట్టండి. తరువాత ఇలా కుప్పలు వేయండి:

☐ రాసుకున్న ఐదు పనులకు కావలసినవి
☐ ఇంటికి కావలసినవే గానీ గ్యారేజీలోనే ఉండనక్కర లేనివి
☐ ఇచ్చేసేవి, అమ్మేసేవి
☐ పారవేసేవి
☐ ప్రమాదకరమైనవి: పాత రంగులు, థిన్నర్, పురుగుమందు, వాడేసిన ఇంజన్ ఆయిల్, పాత బ్యాటరీలు

"ఎప్పుడో ఒకప్పుడు బాగుచేయాలి" అనే ఆరో కుప్ప దానంతట అదే పుట్టుకొస్తుంది, అన్నిటికన్నా పెద్దదీ అదే అవుతుంది. దానికి ఒకే ఒక పెట్టె కేటాయించి, దాని మీద తేదీ వేయండి. మూడు నెలల్లో ముట్టుకోని వస్తువు పారవేసే కుప్పలోకి వెళ్ళాలి. చెక్క ముక్కలకు కూడా ఒక నియమం పెట్టుకోవడం మేలు: మూరెడు కంటే పొట్టివి ఉంచుకోకూడదు. ఈ నియమాన్ని నేను మంచి టేకు ముక్కల విషయంలో మాత్రం సడలిస్తాను.

ప్రమాదకరమైన ద్రవాలను కాలువలో పోయకండి, మట్టిలోనూ పోయకండి. పేరు చెరిగిపోయిన సీసాలో ఏముందో వాసన చూసి తెలుసుకోవాలని ప్రయత్నించకండి. ఉబ్బిన లిథియం బ్యాటరీని గుచ్చడం, నొక్కడం, చార్జింగుకు పెట్టడం చేయకూడదు. వీటన్నిటినీ మీ ప్రాంతంలో ప్రమాదకర వ్యర్థాలను సేకరించేవారికి అప్పగించాలి.

3. నేల, గోడలు, కప్పు

గది ఖాళీగా ఉండే రోజులు మళ్ళీ రావు. అందువల్ల చెమ్మ సంగతి ఇప్పుడే చూడండి. 18 అంగుళాల చదరపు పలచని ప్లాస్టిక్ షీటును నేల మీద పరచి, నాలుగు అంచులనూ టేపుతో గాలి చొరకుండా అతికించి, ఒక రోజంతా వదిలేయండి. తీసినప్పుడు షీటు అడుగున నీటి బిందువులు ఉన్నా, కింది నేల రంగు మారి ఉన్నా చెమ్మ భూమిలోంచి పైకి వస్తున్నట్లు. అడుగు పొడిగా ఉండి షీటు పైభాగం తడిసి ఉంటే అది గాలిలోని తేమ.

మొదటి రకం చెమ్మ ఉన్న నేలకు రంగు వేస్తే కొన్నాళ్ళకే పొక్కులు లేచి ఊడిపోతుంది. అలాంటి గదిలో ప్రతి అరనూ, చెక్క దొంతరనూ నేల నుంచి బెత్తెడు పైకి లేపి పెట్టాలి. రెండో రకానికి గాలి ఆడే ఏర్పాటు కావాలి. ఇనుప పరికరాలకు పలచగా నూనె పూయాలి.

గోడల మీద చెదల మట్టి గీతలు కనిపిస్తే, మందు కొట్టించక ముందు చెక్కను లోపలికి తేకండి. ఎలుక కన్నాలలో స్టీలు పీచు కుక్కి సిమెంటు పూయండి. షట్టరు కింది సందుకు రబ్బరు పట్టీ వేయండి. చివరగా గోడలకూ కప్పుకూ తెల్లరంగు వేయండి. దీపాలు ఇచ్చే వెలుగును అది తిరిగి గదిలోకే పంపుతుంది.

గ్యారేజీ నేల సాధారణంగా నీరు పోవడానికి తలుపు వైపు కొద్దిగా వాలి ఉంటుంది. ఆ వాలును సరిచేయాలని నేలంతా పగలగొట్టించకండి. బల్ల కాళ్ళను సరిచేసుకుంటే చాలు.

4. నక్షా: కాగితం మీద, ఆపైన నేల మీద

గళ్ళ కాగితం మీద గది కొలతలు గీసి, తలుపు, కిటికీ, మీటరు బోర్డు, నీటి గొట్టాలు ఎక్కడున్నాయో గుర్తించండి. బల్లనూ ప్రతి యంత్రాన్నీ అదే కొలతలో అట్టముక్కలుగా కత్తిరించి జరిపి చూడండి.

యంత్రం ఆక్రమించే చోటు కన్నా దానిలో పెట్టే చెక్క ఆక్రమించే చోటు చాలా ఎక్కువ. ఎనిమిది అడుగుల పలకను కోత బల్ల మీద కోయాలంటే రంపానికి ముందు ఎనిమిది అడుగులు, వెనుక ఎనిమిది అడుగులు కావాలి. కాబట్టి అలాంటి యంత్రాన్ని గది పొడవు వెంట, తలుపుకు అభిముఖంగా పెట్టాలి. చాలని కొలత తెరిచిన షట్టరు గుండా బయట దొరుకుతుంది. నిలువు డ్రిల్లుకు రెండు పక్కలా చోటు కావాలి గనుక దానిని మూలలో ఇరికించకుండా గోడ మధ్యన పెట్టాలి. నిప్పురవ్వలు చిమ్మే గ్రైండర్ తలుపు దగ్గర ఉంటే దానిని బయటి వైపు తిప్పుకోవచ్చు.

8 అడుగులు, 4 అడుగుల కొలతలో 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు 30 కిలోల పైన తూగుతుంది. ఇరుకు గదిలో ఒక్కరే దానిని బల్ల మీదికి ఎత్తి తిప్పడం కుదిరే పని కాదు. తలుపు దగ్గర నేల మీద థర్మోకోల్ పలక పరచి, దాని పైన షీటు పెట్టి, చేతి రంపపు యంత్రంతో ముందు పెద్ద ముక్కలుగా కోసుకోవడం తేలిక. ఆ మేరకు చోటు నక్షాలో ఉండాలి.

కాగితం మీద కుదిరాక సుద్దముక్కతో అసలు కొలతలను నేల మీద గీసి, వాటిలో ఖాళీ అట్టపెట్టెలు పేర్చండి. పొడవైన కర్ర భుజాన వేసుకొని ఆ మధ్య నడవండి. మనిషి నడిచే దారి 3 అడుగులకు తగ్గిన ప్రతి చోటా మోచేయో మోకాలో తగులుతుంది.

5. విద్యుత్తు

తీగలు లాగడం, బోర్డు బిగించడం అర్హత గల ఎలక్ట్రీషియన్ పని. ఎంత లోడు పడుతుందో, ఎక్కడెక్కడ ప్లగ్గులు కావాలో చెప్పడం మీ పని. లెక్క సులువైనదే: యంత్రం మీద రాసిన వాట్లను సరఫరా వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 230 వోల్టుల సరఫరాలో 2,000 వాట్ల రంపం సుమారు 8.7 ఆంపియర్లు, దానితో పాటు నడిచే 1,200 వాట్ల వాక్యూమ్ సుమారు 5.2 ఆంపియర్లు లాగుతాయి. రెండూ కలిసి 14 ఆంపియర్లు దాటకపోయినా, మోటారు మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు ఎక్కువ లాగుతుంది. ఇంటి లైట్లకు వేసిన పాత తీగ మీద ఈ భారం వేయకూడదు.

ఎలక్ట్రీషియన్‌కు చెప్పవలసినవి:

☐ దీపాలకు ఒక సర్క్యూటు, పరికరాలకు వేరే సర్క్యూటు. రంపం నడుస్తుండగా ఫ్యూజు పోతే, పళ్ళ చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఆ సమయంలో గది చీకటి కాకూడదు.
☐ సరైన ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరాను ఆపివేసే బ్రేకరు.
☐ ప్లగ్గులు నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో. కిందికి పెడితే బల్లకో, గోడకు ఆనించిన షీటుకో వెనుక పడిపోతాయి.
☐ తలుపు దగ్గర ఒక ప్లగ్గు. బయట చేసే పనులు అనుకున్న దానికన్నా ఎక్కువ ఉంటాయి.
☐ గోడ పైనే కనిపించేలా కండూట్ పైపులు. రేపు ఏదైనా మార్చాలన్నా, గోడకు రంధ్రం చేయాలన్నా తీగ ఎక్కడుందో కళ్ళకు కనిపిస్తుంది.

ఎక్స్‌టెన్షన్ తీగను శాశ్వత ఏర్పాటుగా వాడకండి. వాడిన రోజున దానిని చుట్ట నుంచి పూర్తిగా విప్పండి. చుట్టగా ఉన్న తీగలో పుట్టే వేడి బయటికి పోలేక పైపొర కరిగే ప్రమాదం ఉంది.

6. వెలుతురు

పని జరిగే చోట 500 లక్స్ వెలుగు, అంటే ప్రతి చదరపు మీటరు మీదా 500 ల్యూమెన్లు పడేలా చూసుకోవాలి. 200 చదరపు అడుగులు అంటే సుమారు 18.6 చదరపు మీటర్లు. దీనికి 9,300 ల్యూమెన్లు పని మీద పడాలి. గోడలూ దుమ్మూ పీల్చుకునేది కలుపుకుంటే, ఒక్కొక్కటి సుమారు 2,000 ల్యూమెన్లు ఇచ్చే నాలుగడుగుల ఎల్ఈడీ ట్యూబులు ఆరు పెట్టుకోవడం సబబు.

గది నడుమ ఒకే పెద్ద దీపం పెడితే, గోడ వైపు తిరిగి నిలబడిన మనిషి నీడ సరిగ్గా గీత గీసే చోట పడుతుంది. ఒక వరుసను బల్ల ముందంచుకు సరిగ్గా పైన, మనిషి తలకు ముందు వైపు ఉండేలా బిగించండి. తిరిగే యంత్రాల దగ్గర రెపరెపలాడే దీపాన్ని ఉంచకండి. కొన్ని వేగాల వద్ద ఆ వెలుగులో తిరుగుతున్న చక్రం ఆగినట్లు కనిపిస్తుంది.

7. పనిబల్ల

గదిలో మొదట స్థిరపడవలసిన వస్తువు ఇదే, ఎందుకంటే పరికరాలు ఎక్కడ వేలాడాలో నిర్ణయించేది బల్ల దగ్గర నిలబడిన మనిషి చేయి.

ఎత్తు. పని చేసేటప్పుడు వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబడి, చేతులు వదులుగా వేలాడేయండి. మణికట్టు మడత నుంచి నేల వరకు ఉన్న కొలత సాధారణ పనులకు సరైన ఎత్తు. చాలామందికి ఇది 34 నుంచి 36 అంగుళాల మధ్య వస్తుంది. చిత్రిక పట్టడం వంటి ఒంటి బరువు వేసే పనులకు ఇంకాస్త తక్కువ, టంకం పెట్టడం వంటి సన్నని పనులకు నాలుగైదు అంగుళాలు ఎక్కువ కావాలి. రెండు బల్లలకు చోటు ఉండదు కాబట్టి, సాధారణ ఎత్తులో ఒకటి చేసుకొని, సన్నని పనులకు దాని మీద పెట్టుకునే చిన్న పీట చేసుకోండి.

వెడల్పు. 24 అంగుళాలు చాలు. అంతకు మించితే గోడ వైపు భాగం చేతికి అందదు, అందని చోట సామాను చేరుతుంది. పొడవు ఐదు, ఆరు అడుగులు ఉంటే మంచిది.

పలక. రెండు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలను జిగురుతో అతికించి, అడుగు నుంచి మరమేకులు బిగిస్తే 36 మిల్లీమీటర్ల గట్టి పలక వస్తుంది. దాని మీద 6 మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డును జిగురు లేకుండా మరమేకులతో మాత్రమే బిగించండి. పాడయ్యాక తీసి కొత్తది వేసుకోవచ్చు. పైపొర పోతుందన్న బెంగ లేకుండా పని చేసుకోవచ్చు.

కాళ్ళు. మూడు అంగుళాల చదరానికి తగ్గని కర్ర వాడండి. ఇంట్లో చేసుకున్న బల్లలలో ఎక్కువ భాగం బరువుకు విరగవు, పక్కకు ఊగుతాయి. వెనుక భాగానికి ప్లైవుడ్ బిగిస్తే, లేదా ఒక ఏటవాలు పట్టీ వేస్తే ఆ ఊపు ఆగుతుంది. బల్లను గోడకు బిగించడం ఇంకా గట్టి మార్గం. అయితే ఆ గోడకు అవతల పడకగది ఉంటే ప్రతి సుత్తి దెబ్బా అక్కడ వినిపిస్తుంది. రసమట్టం పెట్టి చూసి, నేల వాలును కాళ్ళ కింద బిగించే మర కాళ్ళతో సరిచేయండి.

వైస్. వస్తువును కదలకుండా బిగించి పట్టే సాధనం ఇది. ఇనుప పనికి వాడే వైస్ దవడల పైభాగం మీ మోచేయి ఎత్తుకు రావాలి. దానిని బల్ల మధ్యన పెట్టకుండా ఒక కాలికి సరిగ్గా పైన, వెనుక దవడ బల్ల అంచును దాటి కొద్దిగా బయటికి వచ్చేలా బిగించండి. అప్పుడే పొడవైన ఊచను నిలువుగా పట్టించినప్పుడు అది బల్ల అంచుకు తగలకుండా నేల దాకా దిగుతుంది.

8. అరలు, గోడ కొక్కేలు

బల్ల ముందు నిలబడి, అడుగు కదపకుండా చేయి చాచండి. నడుము నుంచి కంటి ఎత్తు వరకు అందే గోడ భాగం రోజూ వాడే పరికరాలది. వారానికొకసారి తీసేవి దాని పైన, బరువైనవి నడుము కింద, ఏడాదికోసారి కావలసినవి కప్పు దగ్గర. కప్పుకు వేలాడదీసేవి తేలికైనవే అయి ఉండాలి, నీటి గొట్టాలకు ఏదీ కట్టకూడదు.

అర పొడవు విషయంలో ఆశపడకండి. అడుగుకు అంతే బరువు ఉంచి, మధ్యలో ఆధారం లేకుండా పలక పొడవును రెండింతలు చేస్తే, అది వంగేది పదహారు రెట్లు. పరికరాల బరువు మోసే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అరకు ప్రతి 32 అంగుళాల లోపు ఒక ఆధారం ఉంచి, ముందంచుకు రెండంగుళాల పట్టీ నిలువుగా బిగించండి.

గోడకు బిగించేటప్పుడు సిమెంటు పూత ఏ బరువునూ మోయదని గుర్తుంచుకోవాలి. పూత మందం ఎంతో చూసి, మరమేకును పట్టి ఉంచే ప్లాస్టిక్ ప్లగ్గు మొత్తం దాని వెనుక ఇటుకలోకి దిగేటంత లోతు రంధ్రం చేయండి. ఇటుకల మధ్య సందులో కాక, ఇటుక నడుమ పడేలా చూడండి. బోలు దిమ్మెల గోడకు వాటి కోసమే చేసిన యాంకర్లు వాడాలి.

ప్రతి పరికరానికీ విడిగా గోడను తొలిచే బదులు, 45 డిగ్రీల ఏటవాలు కోతతో చీల్చిన చెక్క పట్టీలను గోడ పొడవునా అడ్డంగా బిగించుకోండి. పరికరాల పలకల వెనుక దానికి ఎదురు కోత ఉన్న పట్టీ వేస్తే, ఏ పలకనైనా తీసి మరో చోట తగిలించవచ్చు. ఆరు నెలల్లో మీ అలవాట్లు మారతాయి. అప్పుడు గోడ కూడా మారాలి.

9. దుమ్ము, ఆవిరి, నిప్పు

కంటికి కనిపించే పొట్టు కన్నా కనిపించని సన్నని చెక్క దుమ్మే ఊపిరితిత్తులకు ఎక్కువ హాని చేస్తుంది. పరికరానికే వాక్యూమ్ గొట్టం తగిలించండి, ఎన్95 స్థాయి మాస్కు వాడండి. చెక్క పొట్టు ఉన్న వాక్యూమ్‌తో గ్రైండర్ రవ్వలను ఎన్నడూ ఎత్తకండి. అవి సంచిలో చాలాసేపు రాజుకొని మంటగా మారవచ్చు.

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది, నేల మీద పాకుతుంది. డబ్బా ఎక్కడో దూరంగా ఉందిలే అని గ్రైండర్ పట్టకండి. కారు ఇంజను లోపల నడపకండి, షట్టరు తెరిచి ఉన్నా సరే. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు.

అవిసె నూనెతో, ఆ నూనె ఉన్న పాలిష్‌తో తడిసిన గుడ్డలను ఉండచుట్టి పడవేస్తే, ఆరే క్రమంలో పుట్టే వేడికి వాటంతట అవే అంటుకోగలవు. వాటిని ఆరుబయట విడివిడిగా పరచి ఆరబెట్టండి, లేదా నీళ్ళు పోసిన మూత గల ఇనుప డబ్బాలో వేయండి.

మంటలార్పే సిలిండరు బల్ల వెనుక కాదు, బయటికి వెళ్ళే తలుపు పక్కన ఉండాలి. మంట వైపు నడిచి సిలిండరు తెచ్చుకోవలసిన పరిస్థితి రాకూడదు.

10. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

అరలు ముందు బిగించి, బల్ల తరువాత తేవడం. నేను మొదటిసారి ఇదే చేశాను. రెండు ప్లగ్గులు అర వెనుక చిక్కుకుపోయి, ఆ గోడంతా విప్పి మళ్ళీ బిగించవలసి వచ్చింది. ఇప్పటికే ఇలా జరిగి ఉంటే, ఆ అరలను తీసి ఎదుటి గోడకు మార్చడమే నయం.

యంత్రాలన్నిటికీ చక్రాలు బిగించి, బ్రేకులు లేనివి కొనడం. నడుస్తున్న యంత్రం కదలకూడదు. కనీసం రెండు చక్రాలకు గట్టి బ్రేకులు ఉండేలా మార్చండి.

బల్ల మీద సామాను పేరుకుపోవడం. ఆ సామానుకు వేరే చోటు లేదనడానికి అది గుర్తు. అక్కడ చేరే వస్తువులు ఏవో వారం పాటు గమనించి, వాటికి గోడ మీద చోటు చూపండి.

మరమేకులను మూత వేసిన రంగు డబ్బాలలో దాచడం. లోపల ఏముందో తెలియక మళ్ళీ కొత్తవి కొంటారు. పారదర్శకమైన సీసాలు వాడండి.

11. మొదటి వారం పరీక్ష

రాసుకున్న ఐదు పనులలో చిన్నదానిని ఎంచుకొని మొదటి నుంచి చివరి దాకా చేయండి. ప్రతి ఇబ్బందినీ సుద్దముక్కతో అక్కడికక్కడే గోడ మీదో నేల మీదో గుర్తుపెట్టండి. వారం చివర ఇవి చూసుకోండి:

☐ ఏదైనా పరికరం కోసం మూడడుగుల కన్నా ఎక్కువ నడిచారా?
☐ ఏ వస్తువునైనా తీయడానికి ముందు మరో వస్తువును జరపవలసి వచ్చిందా?
☐ నేల మీద తీగ కాలికి తగిలిందా?
☐ గీత గీసేటప్పుడు మీ నీడ అడ్డొచ్చిందా?
☐ ఎనిమిది అడుగుల కర్ర దేనికీ తగలకుండా తిరిగిందా?
☐ పని ముగించాక నేల ఊడ్చి, బ్యాటరీలను చార్జరు నుంచి తీసి, పరికరాల సర్క్యూటును ఆపివేయడానికి పది నిమిషాలు సరిపోయాయా?

పది నిమిషాలు చాలకపోతే సామాను ఇంకా ఎక్కువగా ఉన్నట్లే; రెండో మెట్టుకు వెళ్ళి, ఈసారి తేదీ వేసిన ఆ పెట్టెతో మొదలుపెట్టండి.